మే సెలవుల్లో కుటుంబంతో మ్యూనిక్: ఏ తేదీలు, ఏది ముందు బుక్ చేయాలి, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: హైదరాబాద్ నుంచి ఐదుగురు. మీ దంపతులు, 9 ఏళ్ళ పాప, 4 ఏళ్ళ బాబు, 66 ఏళ్ళ అమ్మగారు. అమ్మగారు శాకాహారి, మోకాళ్ళ నొప్పి ఉంది. వేసవి సెలవుల్లో 8 రాత్రులు మ్యూనిక్‌లో ఉండాలనుకుంటున్నారు. ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఏమేం చూడాలి, పనిలో పనిగా స్విట్జర్లాండ్ కూడా కలపొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. స్విట్జర్లాండ్ వద్దు. 8 రాత్రులూ మ్యూనిక్‌లో ఒకే ఇంట్లో ఉండండి. ఊరి బయటికి రెండు రోజులు మాత్రమే కేటాయించండి, మిగతావి ఊళ్ళోనే. రోజుకు ఒకే పెద్ద పని పెట్టుకోండి. హోటల్ గది కాకుండా వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, అదీ ఓస్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్ దగ్గర. కారు అద్దెకు తీసుకోవద్దు. బుకింగ్‌ల వరుస ఇలా ఉండాలి: పిల్లల పాస్‌పోర్టులు, వీసా అపాయింట్‌మెంట్, రద్దు చేసుకునే వీలున్న ఇల్లు, విమానం, చివరగా కోట టికెట్లు. ఈ వరుస తప్పినందువల్లే ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకుంటారు.

తేదీలు. మన బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు కాబట్టి మీకున్నది ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ 10 లోపు. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో బడుల పెద్ద వేసవి సెలవులు జూలై ఆఖర్లోనో ఆగస్టు మొదట్లోనో గానీ మొదలవవు. జర్మనీ మొత్తంలో వాళ్ళవే అందరికన్నా ఆలస్యం. అది చూసి మేలో రద్దీ ఉండదనుకుంటారు, కానీ పెంతెకోస్తు అనే క్రైస్తవ పండగ సోమవారం దాటగానే అక్కడి బడులకు రెండు వారాల సెలవులు వస్తాయి. ఆ సోమవారం 2026లో మే 25, 2027లో మే 17. ఆ రెండు వారాల్లో కోటలు, రోప్‌వేలు, సరస్సు ఒడ్డు ఊళ్ళు స్థానిక కుటుంబాలతో నిండిపోతాయి, అద్దెలూ పెరుగుతాయి. వీలైతే ఆ సోమవారానికి ముందే ముగిసేలా, లేదా ఆ రెండు వారాలు గడిచాక మొదలయ్యేలా తేదీలు పెట్టుకోండి.

ఇంకో సంగతి. ఈ నెలల్లో దుకాణాలు మూసే సెలవు దినాలు చాలానే పడతాయి: మే 1, ఈస్టర్ తర్వాత 39వ రోజు గురువారం, 50వ రోజు సోమవారం, 60వ రోజు గురువారం. ఈ చివరిది బవేరియాలో పూర్తి సెలవు. 2026లో ఈ మూడూ మే 14, మే 25, జూన్ 4. ఈ రోజుల్లోనూ, ప్రతి ఆదివారమూ సూపర్‌మార్కెట్లు తెరవరు. మామూలు రోజుల్లో కూడా రాత్రి 8కి తలుపులు వేసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్‌లో, విమానాశ్రయంలో కొన్ని దుకాణాలు, ఊళ్ళో కొన్ని బేకరీలు ఆదివారం కొన్ని గంటలు నడుస్తాయి. అందుకని శనివారం సాయంత్రం లోపు పాలు, పెరుగు, కూరగాయలు రెండు రోజులకు సరిపడా తెచ్చిపెట్టుకోండి. శనివారం రాత్రి విమానం దిగే ప్లాన్ మాత్రం పెట్టుకోకండి. ఖాళీ వంటింటితో, ఆకలేసిన పిల్లలతో ఆదివారమంతా గడపాల్సి వస్తుంది.

వాతావరణం విషయంలో మనవాళ్ళు "వేసవి" అన్న మాట విని మోసపోతారు. మే నెలాఖరులో పగలు 18 నుంచి 24 డిగ్రీలు ఉండొచ్చు, వాన పడితే అదే రోజు 10కి దిగుతుంది. మే 11–15 మధ్య వచ్చే చలిని వాళ్ళు "ఐస్‌హైలిగె" అని, జూన్ మొదటి సగంలో వచ్చేదాన్ని "షాఫ్స్‌కెల్టె" అని పేర్లు పెట్టి మరీ ఎదురుచూస్తారు. మ్యూనిక్‌లో ఎక్కువ వాన పడేది కూడా వేసవి నెలల్లోనే. ఒకే లావుపాటి స్వెటర్ కన్నా టీషర్టు, పల్చటి ఊలు, గాలీవానా ఆపే జాకెట్ అని మూడు పొరలు తీసుకెళ్ళండి. అమ్మగారికి చీర కింద వేసుకునే వెచ్చటి లెగ్గింగ్, సాక్సుతో బూట్లు ఉండాలి. చెప్పులతో తడిసిన రాళ్ళ బాట మీద నడవడం ప్రమాదం. జూన్‌లో రాత్రి 9 దాటాక కూడా వెలుతురుంటుంది, తెల్లవారుజామున 5 గంటలకే తెల్లారిపోతుంది. బాబు నిద్ర కోసం పడకగదికి మందపాటి కర్టెన్లు ఉన్నాయో లేదో ఇల్లు తీసుకునే ముందు ఫొటోల్లో చూసుకోండి.

వీసా. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. మే ప్రయాణానికి జనవరి, ఫిబ్రవరిల్లోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మార్చి దాటాక వేసవికి వెళ్ళేవాళ్ళంతా ఒక్కసారే పడతారు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఏమైనా సందేహం వస్తే 45 రోజుల దాకా పడుతుంది. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకు 45, 6 లోపు వాళ్ళకు లేదు. అంటే మీకు 270, 45 కలిపి 315 యూరోలు, ఆపైన వీసా దరఖాస్తు సెంటర్ వాళ్ళ సర్వీస్ చార్జీ. 12 నిండని పిల్లలకు వేలిముద్రలు అక్కర్లేదు. పెద్దలు గత 59 నెలల్లో షెంగెన్ వీసాకు (ఐరోపాలో చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే ఈ వీసాకే) ముద్రలు ఇచ్చి ఉంటే ఆ సంగతి ఫారంలో రాయండి.

కాగితాల విషయంలో తెలుగు కుటుంబాలకు తరచూ ఇబ్బంది తెచ్చేవి మూడు.

మొదటిది పిల్లల పాస్‌పోర్టు. పెద్దలది 10 ఏళ్ళు, పిల్లలది 5 ఏళ్ళే. బాబు పుట్టగానే తీసుకున్నది అయితే ఈపాటికి గడువు దగ్గర పడి ఉంటుంది. జర్మనీ నుంచి బయటికొచ్చే రోజు తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఈ ఒక్క పని ఇవాళే చూడండి.

రెండోది పేర్లు. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు "కె. రమేష్" అని, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడదీసి ఉంటుంది. తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పిల్లల పాస్‌పోర్టులో తండ్రి ఇంటిపేరు ఉంటాయి. అధికారికి వీళ్ళంతా ఒకే కుటుంబమని కాగితం చూడగానే అర్థం కావాలి. పెళ్ళి ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు జతచేసి, పేర్లలో తేడా ఎందుకొచ్చిందో కవరింగ్ లెటర్లో రెండు వాక్యాల్లో రాయండి. పాత ధ్రువపత్రం తెలుగులో మాత్రమే ఉంటే ఇంగ్లీషులో కొత్తగా తీసుకోండి. పిల్లల ఫారం మీద తల్లిదండ్రులిద్దరి సంతకాలూ ఉండాలి.

మూడోది బ్యాంకు ఖాతా. స్టేట్‌మెంట్ తీసే ముందు వారంలో ఎవరో 5 లక్షలు వేసి, ఖాతా నిండుగా కనిపించేలా చేస్తారు. అది మంచి చేయదు, అనుమానం పుట్టిస్తుంది. మూడు నెలలుగా నిలకడగా జీతం పడుతూ, మామూలుగా ఖర్చవుతూ ఉన్న ఖాతాయే మేలు. దానితో పాటు ఆదాయపు పన్ను రిటర్నులు, సెలవు మంజూరు లేఖ, పాప బడి నుంచి బోనఫైడ్ ఇవ్వండి.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నింటికీ, ఉన్నన్ని రోజులకూ ఉండాలి. అమ్మగారి పాలసీ తీసుకునేటప్పుడు ముందు నుంచీ ఉన్న బీపీ, షుగర్ లాంటివి ముదిరితే అత్యవసర వైద్యం వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో చదవండి. చౌకవి చాలావాటిలో వర్తించదు. వీసాకు అది సరిపోతుంది గానీ అవసరమొచ్చిన రోజు పనికిరాదు.

విమానం. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా లుఫ్తాన్సా ఉంది, అక్కడి నుంచి మ్యూనిక్ ఇంకో చిన్న విమానం. లేదా దుబాయ్, దోహా మీదుగా మ్యూనిక్‌కే దిగొచ్చు. మీ విషయంలో నేను గల్ఫ్ మార్గానికే మొగ్గుతాను. ఇమిగ్రేషన్ చివరి మజిలీలో, సామాను దగ్గరే జరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే షెంగెన్ ఇమిగ్రేషన్ అక్కడే. కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ పద్ధతి వచ్చాక మొదటిసారి వచ్చే ప్రతి ఒక్కరికీ ఫొటో, 12 ఏళ్ళు దాటినవాళ్ళకు వేలిముద్రలు తీస్తున్నారు, క్యూ మెల్లగా కదులుతుంది. ఆ మార్గమే తీసుకుంటే రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి, మధ్యలో రెండున్నర గంటలకు తగ్గకూడదు. అమ్మగారికి వీల్‌చైర్ ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు అడగండి. నడవగలిగినా అడగండి, ఆ టెర్మినళ్ళలో నడక చాలా ఎక్కువ.

ఇల్లు ఎక్కడ. చాలామంది పెద్ద స్టేషన్ హౌప్ట్‌బాన్‌హోఫ్ పక్కనే తీసుకుంటారు. ఏళ్ళ తరబడి అదొక పెద్ద నిర్మాణ స్థలం. ఊరి కిందుగా ఎస్-బాన్ అనే శివారు రైళ్ళ కోసం రెండో సొరంగం తవ్వుతున్నారు. పిల్లల బండి, పెట్టెలు, మోకాళ్ళ నొప్పితో చుట్టుదారులు తిరగడం కష్టం. ఓస్ట్‌బాన్‌హోఫ్ వైపు, హైడ్‌హౌజెన్ పేటలో తీసుకోమనడానికి కారణాలున్నాయి. విమానాశ్రయం నుంచి ఎస్ 8 రైలు మారకుండా అరగంట పైచిలుకులో అక్కడికి చేరుస్తుంది. ఊరి నడిబొడ్డు మరీన్‌ప్లాట్స్ ఐదారు నిమిషాలు. సొరంగం పనుల కోసం శని, ఆదివారాల్లో నడిమధ్య ఎస్-బాన్ మార్గం మూసేసినప్పుడు కూడా యూ 5 మెట్రో అక్కడి నుంచే ఊళ్ళోకి వెళ్తుంది. జాల్జ్‌బుర్గ్ వైపు వెళ్ళే ప్రాంతీయ రైళ్ళూ అక్కడ ఆగుతాయి, అది మీ బయటి ప్రయాణానికి పనికొస్తుంది.

బుక్ చేసేటప్పుడు ఐదుగురినీ, పిల్లల వయసులతో సహా రాయండి. "నలుగురికని తీసుకుని బాబును పక్కలో పడుకోబెట్టుకుంటాం" అనేది జర్మనీలో నడవదు. గదికి ఎందరో లెక్క రాసి ఉంటుంది, దాటితే తాళమివ్వరు. అంతస్తుల లెక్క మనలాగే, నేల అంతస్తు తర్వాతదే ఒకటో అంతస్తు. పాత భవనాల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు. లిఫ్టు ఉందని రాసి ఉన్నా, ఇంటి గుమ్మం దాకా ఉందా, మధ్యలో అరంతస్తు మెట్లున్నాయా అని మెసేజ్ పెట్టి అడగండి. ఏసీ ఉండదు, ఫ్యాను కూడా ఉండదు. మేలో దాని అవసరం పడదు.

వంటింట్లో ఒక్క జాగ్రత్త. తిరగమోత పెట్టేటప్పుడు కిటికీ తెరిచి, చిమ్నీ వేయండి. పడకగదుల్లో, నడవలో పొగ అలారాలు తప్పనిసరిగా ఉంటాయి. ఎండుమిర్చి మాడితే మోగుతాయి. అపార్ట్-హోటళ్ళలో ఆ అలారం ఫైర్ స్టేషన్‌కు కలిసి ఉంటే బండి వచ్చేస్తుంది, ఆ ఖర్చు మీ మీద పడొచ్చు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలి, ఆదివారం రోజంతా కూడా. పిల్లలు చెక్క నేల మీద పరుగెత్తితే కింది ఇంటివాళ్ళు వచ్చి తలుపు కొడతారు. నేల అంతస్తు ఇల్లు దొరికితే అమ్మగారికీ మంచిది, ఈ గొడవా ఉండదు.

ఊళ్ళో తిరగడానికి టికెట్లు. మీకు కావాల్సింది మ్యూనిక్ రవాణా సంస్థ ఎం.వి.వి. వాళ్ళ "గ్రుప్పెన్-టాగెస్‌కార్టె", అంటే బృందానికి ఒక రోజు టికెట్. ఐదుగురు పెద్దల దాకా చెల్లుతుంది. 6–14 ఏళ్ళ పిల్లలిద్దరు కలిసి ఒక పెద్ద, 6 లోపు వాళ్ళు లెక్కలోకి రారు. మీరు ముగ్గురు పెద్దలు, పాప సగం, బాబు సున్నా. ఊరి మధ్య భాగానికి "ఎం" జోన్ చాలు, 20 యూరోల చుట్టూ ఉంటుంది. మర్నాడు ఉదయం 6 దాకా రైలు, మెట్రో, ట్రాము, బస్సు అన్నీ ఎక్కొచ్చు. విమానాశ్రయం 5వ జోన్‌లో ఉంది, ఆ రోజుకు దాన్ని కలిపిన బృందం టికెట్ తీసుకోండి, 30 యూరోల పైన పడుతుంది. దిగిన రోజు పొద్దున్నే తీసుకుంటే ఆ రోజంతా ఊళ్ళో తిరగడానికీ అదే సరిపోతుంది. దేశమంతా ఊళ్ళోని బండ్లు, ప్రాంతీయ రైళ్ళు ఎక్కనిచ్చే డాయిచ్‌లాండ్-టికెట్ నెలకు 63 యూరోలు, చందా పద్ధతి, నెలలో 10వ తేదీలోపు రద్దు చెప్పకపోతే మరుసటి నెలా డబ్బు లాగేస్తుంది. ముగ్గురు పెద్దలకు 8 రోజుల కోసం అది గిట్టదు. పర్యాటకులకని అమ్మే సిటీ కార్డులు కూడా మీ ప్లాన్‌కు లాభం లేదు.

స్టేషన్లలో గేట్లుండవు. అది చూసి టికెట్ అడిగేవాళ్ళే లేరనుకోవద్దు. మామూలు బట్టల్లో ఉన్న తనిఖీవాళ్ళు రైల్లోనే అడుగుతారు. కొన్ని కాగితం టికెట్ల మీద ఎక్కే ముందు చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. కొని ముద్ర వేయకపోయినా టికెట్ లేనట్టే, మనిషికి 60 యూరోలు. ఫోన్ యాప్‌లో కొంటే ముద్ర గొడవ లేదు, కానీ రైలెక్కక ముందే కొనాలి. రైలు కదిలాక కొన్న టికెట్ చెల్లదు.

బోర్డుల మీద ఊరి పేరు "మ్యున్‌షెన్" అని ఉంటుంది, కంగారు పడకండి. విమానాశ్రయానికి తిరిగి వెళ్ళేటప్పుడు ఎస్ 1 ఎక్కితే నోయ్‌ఫార్న్ స్టేషన్‌లో రైలు రెండుగా విడిపోతుంది. ఒక సగం విమానాశ్రయానికి, ఇంకో సగం ఫ్రైజింగ్ అనే ఊరికి. తప్పు బోగీలో కూర్చుని విమానం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఓస్ట్‌బాన్‌హోఫ్ నుంచి ఎస్ 8 ఎక్కితే ఈ బెడద అసలు లేదు.

బయటి ప్రయాణాలు. అందరూ ముందు నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట అంటారు. బవేరియా రాజు రెండో లుడ్విగ్ 1869లో కట్టడం మొదలుపెట్టాడు, 1886లో ఆయన చనిపోయిన కొన్ని వారాలకే జనానికి తెరిచారు, 2025లో యునెస్కో జాబితాకెక్కింది. చూడదగ్గదే. కానీ మీ కుటుంబానికి అది సరైన ఎంపిక అని నేను అనుకోను, ఎందుకో వివరంగా చెప్తాను.

మ్యూనిక్ నుంచి కోట దగ్గరి ఊరు ఫ్యుస్సెన్‌కు రైలు 2 గంటలు, అక్కడి నుంచి బస్సు 10 నిమిషాలు, కింది ఊరి నుంచి కోట దాకా ఎక్కుడు నడక 30–40 నిమిషాలు. గుర్రపు బండి ఉంది గానీ కోట గుమ్మం దాకా పోదు, చివర 10–15 నిమిషాల నిటారు ఎక్కుడు మిగులుతుంది. షటిల్ బస్సు పైన వంతెన దగ్గర దింపుతుంది, అక్కణ్ణుంచి ఏటవాలు దిగుడు, మోకాళ్ళకు ఎక్కడం కన్నా అదే ఎక్కువ నొప్పి. లోపల చూపించేది అరగంటే, అదీ గైడుతోనే, ఆ అరగంటలో ఎక్కుతూ దిగుతూ దాదాపు 350 మెట్లు. పిల్లల బండి, వీపు సంచి లోపలికి రానివ్వరు, బాబును చంకనేసుకుని తిరగాలి. టికెట్ మీద రాసిన నిమిషానికి గేటు దగ్గర లేకపోతే టికెట్ పోయినట్టే.

దీనికి బదులు కీమ్‌జే సరస్సు చూడండి. ఓస్ట్‌బాన్‌హోఫ్‌లో ఎక్కితే గంటలోపు ప్రీన్ అనే ఊళ్ళో దిగుతారు. స్టేషన్ పక్కనే 1887 నాటి చిన్న ఆవిరి రైలు మార్గం ఉంది, సీజన్‌లో నడుస్తుంది, పడవల రేవు దాకా తీసుకెళ్తుంది. పిల్లలకు ఆ రోజుకు అదొక్కటే చాలు. రేవు నుంచి ఓడలో ద్వీపానికి వెళ్తే అదే లుడ్విగ్ రాజు ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనాన్ని చూసి 1878లో మొదలుపెట్టిన హెరెన్‌కీమ్‌జే భవనం ఉంది. ఓడ దిగాక తోటలోంచి 15–20 నిమిషాల చదునైన నడక. అమ్మగారు మెల్లగా వెళ్ళొచ్చు, అలసిపోతే చెట్ల కింద బెంచీ మీద కూర్చోవచ్చు. పక్కనే ఫ్రావెన్‌ఇన్సెల్ అనే చిన్న ద్వీపం, పాత మఠం, పూలతోటలు, చేపలవాళ్ళ ఇళ్ళు. దానికీ అదే ఓడ వెళ్తుంది.

నోయ్‌ష్వాన్‌స్టైన్ చూడాల్సిందే అని పాప పట్టుబడితే మీలో ఒకరు పాపతో పైకెళ్ళండి, మిగతావాళ్ళు కింద ఆల్ప్‌జే సరస్సు ఒడ్డున ఉండండి. కోట కింది నుంచి కూడా బాగా కనిపిస్తుంది. టికెట్ ఆన్‌లైన్‌లో అధికారిక సైట్‌లోనే కొనండి, వారాల ముందే.

ఈ రెండింటికీ బయర్న్-టికెట్ సరిపోతుంది. ఒక రోజంతా బవేరియా ప్రాంతీయ రైళ్ళన్నీ, ముగ్గురు పెద్దలకు కలిపి సుమారు 50–60 యూరోలు, మీ పిల్లలకు విడిగా కట్టక్కర్లేదు. పనిరోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, శని, ఆదివారాలూ సెలవు దినాల్లో అర్ధరాత్రి నుంచే. ఈ 9 గంటల నిబంధన మరిచి కోట టికెట్ 11:30కి కొనేవాళ్ళు చాలామంది. పనిరోజున ఈ టికెట్‌తో వెళ్తే నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు మధ్యాహ్నం 1:30 కన్నా ముందు స్లాట్ తీసుకోవద్దు. టికెట్ మీద ప్రయాణికుల పేర్లు రాయాలి, ఖాళీగా వదిలితే తనిఖీలో ఒప్పుకోరు. వేగంగా పోయే ఐ.సి.ఇ. రైళ్ళకు ఇది చెల్లదు. జాల్జ్‌బుర్గ్ ఆస్ట్రియాలో ఉన్నా అక్కడిదాకా చెల్లుతుంది. వెళ్తే పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి, తిరిగొచ్చేటప్పుడు సరిహద్దులో జర్మన్ పోలీసులు రైలెక్కి చూస్తారు.

డాఖావ్ స్మారకం గురించి కూడా అడుగుతారు. అది నాజీల నిర్బంధ శిబిరం. 13 ఏళ్ళు దాటినవాళ్ళకే తగినదని స్మారకం వాళ్ళే చెప్తారు. ఈసారి మీరు వెళ్ళకండి.

ఊళ్ళో రోజులు. డాయిచెస్ మ్యూజియం రోజూ ఉదయం 9 నుంచి 5 దాకా, సోమవారం కూడా తెరిచే ఉంటుంది. మ్యూనిక్‌లో ఎక్కువ మ్యూజియాలకు సోమవారం సెలవు కాబట్టి దీన్ని ఆ రోజుకు దాచుకోండి. 3–8 ఏళ్ళవాళ్ళకు కింది అంతస్తులో వేరే విభాగమే ఉంది, అసలు ఫైరింజను ఎక్కొచ్చు, మనిషి పట్టేంత గిటారులో దూరొచ్చు. పాప 9 ఏళ్ళది కాబట్టి విమానాలు, అంతరిక్షం వైపు ఒకరు తీసుకెళ్ళండి. అంతా చూడాలని పోకండి, మూడు గంటలు చాలు. కుటుంబ టికెట్ ఉంది, సుమారు 30 యూరోలు. 2028 దాకా మరమ్మతులు సాగుతాయి, కొన్ని హాళ్ళు మూసి ఉంటాయి.

హెల్లబ్రున్ జంతుప్రదర్శనశాలకు యూ 3 మెట్రోలో థాల్‌కిర్‌షెన్‌లో దిగాలి, ఒక రోజు పూర్తిగా అక్కడే గడిచిపోతుంది. నింఫెన్‌బుర్గ్ రాజభవనం తోటకు టికెట్ లేదు, చదును నేల, అమ్మగారికి బాగుంటుంది. మరీన్‌ప్లాట్స్ గడియారంలో బొమ్మలు ఆడేది 11కి, 12కి, వేసవిలో సాయంత్రం 5కి కూడా. 11 గంటలకు జనం తోసుకుంటారు, 5కి వెళ్ళండి. ఆదివారం పెద్ద చిత్రకళా మ్యూజియాలైన ఆల్టె పినకోతెక్ లాంటివాటిలో ప్రవేశం 1 యూరో. వాన పడే ఆదివారానికి అంతకన్నా చవకైన కాలక్షేపం లేదు.

తిండి. అమ్మగారి గురించి మీరు ఎక్కువ బెంగపడ్డారు కాబట్టి ఇది వివరంగా రాస్తున్నాను. బవేరియాలో "మాంసం లేదు" అన్న మాట మన అర్థంలో ఉండదు. బంగాళాదుంప సలాడ్ అక్కడ తరచుగా మాంసం ఉడికించిన నీళ్ళతో కలుపుతారు. జున్ను నూడుల్స్ కేజెష్పెట్స్‌ల శాకాహారమే గానీ పైన పంది కొవ్వు ముక్కలు చల్లే చోట్లున్నాయి, పిండిలో గుడ్డు తప్పకుండా ఉంటుంది. పిల్లల జెల్లీ మిఠాయిల్లో, కొన్ని పెరుగు డబ్బాల్లో జెలటిన్ ఉంటుంది. అడగాల్సిన మాటలు: "ఓనె ఫ్లైష్" మాంసం లేకుండా, "ఓనె ఫిష్" చేప లేకుండా, "ఓనె ఐ" గుడ్డు లేకుండా, "ఓనె ష్పెక్" పంది కొవ్వు లేకుండా. చీటీ మీద జర్మన్‌లో రాసి చూపించడం ఇంకా మేలు. గుడ్డు కూడా తినకపోతే బ్రెట్సెల్ (ముడి వేసినట్టుండే రొట్టె), ఉడికించిన బంగాళాదుంప, కూరగాయల పిజ్జా, శనగల ఫలాఫెల్ నమ్మదగ్గవి. పెద్ద స్టేషన్‌కు దక్షిణంగా గోయ్‌టెష్ట్రాస్సె, లాండ్‌వేర్‌ష్ట్రాస్సె వీధుల్లో తుర్కీ, ఆసియా దుకాణాలున్నాయి. బియ్యం, పప్పులు, కొత్తిమీర, పచ్చిమిర్చి అక్కడ దొరుకుతాయి.

మీకు బాగా ఉపయోగపడే ఆచారం ఒకటుంది. బవేరియా బీర్ గార్డెన్లలో తిండి మనం ఇంటి నుంచి తెచ్చుకుని తినొచ్చు, తాగేవి మాత్రం అక్కడ కొనాలి. 1812లో రాజు ఇచ్చిన ఆజ్ఞ నాటి సంప్రదాయం ఇది. పెద్ద చెట్ల కింద బల్లలు, చాలాచోట్ల పక్కనే పిల్లల ఆటస్థలం. పులిహోర, పెరుగన్నం డబ్బాలు తీసుకెళ్ళి ధైర్యంగా విప్పండి, ఎవరూ వింతగా చూడరు. గుడ్డ పరిచిన బల్లల దగ్గర మాత్రం కూర్చోవద్దు, అవి వడ్డించే వైపు. పిల్లలకు ఆప్‌ఫెల్‌షోర్లె అడగండి, ఆపిల్ రసంలో సోడా కలిపింది. గ్లాసుకు డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిస్తే ఇచ్చేస్తారు. నీళ్ళ సీసాలకూ 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, సూపర్‌మార్కెట్ యంత్రంలో వేసి రసీదు తీసుకోండి. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు. సీసా కొనేటప్పుడు "ష్టిల్" అని రాసి ఉన్నదే తీసుకోండి, లేకపోతే సోడా వస్తుంది.

ఇక్కణ్ణుంచి ఏం తీసుకెళ్ళకూడదు. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి ఐరోపాలోకి రానివ్వరు. అంటే నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు వద్దు. తాజా కరివేపాకు, మామిడికాయలు, నిమ్మకాయలు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా నిషిద్ధం. పొడులు, నూనె పచ్చళ్ళు, పప్పు, బియ్యం, ఎండిన వడియాలు తీసుకెళ్ళొచ్చు. బాబుకు పాలపొడి డబ్బా ఉంటే చిన్న పిల్లలదైతేనే, 2 కిలోల లోపే. పచ్చళ్ళు చేతి సంచిలో పెట్టకండి, ద్రవం కింద లెక్కేసి పారేస్తారు. చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్ళొచ్చు, కరెంటు 230 వోల్టులే. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, రెండు అడాప్టర్లు పెట్టుకోండి. మరుగుదొడ్డిలో నీళ్ళ గొట్టం ఉండదు, ఒక మగ్గు పెట్టెలో వేసుకోండి, బయటికెళ్ళేటప్పుడు ఖాళీ సీసా ఉంచుకోండి.

మందులు ప్రయాణానికి సరిపడా, డాక్టరు చీటీ ఇంగ్లీషులో, చేతి సంచిలోనే. అక్కడ యాంటీబయాటిక్, బీపీ మాత్ర ఏదీ చీటీ లేకుండా ఇవ్వరు, మన చీటీని ఒప్పుకుంటారన్న నమ్మకమూ లేదు. మందుల షాపులు ఆదివారం మూసి, పేటకొకటి వంతులవారీగా తెరుస్తారు. ప్రాణాపాయమైతే 112, రాత్రిపూట జ్వరం లాంటివాటికి 116117.

డబ్బు విషయం త్వరగా. చిన్న హోటళ్ళలో కొన్ని ఇప్పటికీ నోట్లే తీసుకుంటాయి, 200 యూరోలు చేతిలో ఉండాలి. ఏటీఎం, కార్డు యంత్రం "రూపాయల్లో కట్టమంటారా" అని అడిగితే కాదని యూరోలే ఎంచుకోండి. టాక్సీ పిలిస్తే పిల్లల సీట్లు ముందే అడగండి. 12 ఏళ్ళ లోపు, 150 సెంటీమీటర్ల కన్నా పొట్టి పిల్లలకు అవి చట్టప్రకారం ఉండాలి.

ఖర్చు అంచనా విమానం, వీసా, ఇన్సూరెన్స్ కాకుండా: ఐదుగురి అపార్ట్‌మెంట్ రాత్రికి 180–260 యూరోలు, 8 రాత్రులకు 1,450 నుంచి 2,100. ప్రయాణాలు 275. ప్రవేశ టికెట్లు, ఓడలు 250. సగం పూటలు ఇంట్లో వండుకుంటే తిండికి 500–700. మొత్తం 2,500 నుంచి 3,300. యూరో 100 రూపాయలు దాటే ఉంది కాబట్టి పై అంకె పట్టుకుని లెక్కేసుకోండి. పెద్ద వర్తక ప్రదర్శనలు మేలో పడితే అద్దె ఒక్కసారిగా పెరుగుతుంది, తేదీలు ఖాయం చేసే ముందు ఆ ప్రదర్శనలు జరిపే మెస్సె మ్యున్‌షెన్ వాళ్ళ క్యాలెండర్ ఒకసారి చూడండి.

ఏ తేదీలు అనుకున్నారో, అమ్మగారు ఒకేసారి ఎంతసేపు నడవగలరో, గుడ్డు తింటారో లేదో రాయండి. దాన్నిబట్టి ఏ రోజు ఏది పెట్టుకోవాలో వరుస వేసి ఇస్తాను. ఈలోగా పిల్లల పాస్‌పోర్టుల చివరి తేదీ చూసి అది కూడా చెప్పండి.